చేదు కాదు, వగరు: నెబ్బియోలో వైన్ల రుచికి తెలుగు మాట

ఈమధ్య మన గ్రూపులో ఒక అనువాదం మీద మాటలు నడిచాయి. ఇటలీ వైన్ల గురించిన వ్యాసంలో టానిన్లు (ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే, నోరు పట్టేసే పదార్థాలు) ఎక్కువున్న వైన్ అనే చోట 'చేదు వైన్' అని తెలుగు చేశారు. చాలామంది బాగుందన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ రుచి చేదు కాదు, వగరు. మన ఆరు రుచుల్లో దానికంటూ ఒక పేరు ఉన్నప్పుడు పక్కింటి పేరు పెట్టి పిలవడం ఎందుకు?

నేను ఎనిమిదేళ్లుగా ఇటలీలోని టూరిన్‌లో ఉంటున్నాను. ఇక్కడికి గంట ప్రయాణంలో ఆల్బా అనే చిన్న పట్నం, దాని చుట్టూ లాంగె కొండలు. అక్కడి ద్రాక్షతోటలు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. బరోలో, బర్బరెస్కో అనే పేరున్న వైన్లు రెండూ ఈ కొండలవే. రెండింటినీ నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో చేస్తారు. ఇటాలియన్‌లో నెబ్బియా అంటే పొగమంచు. ఈ పండు కోతకొచ్చే అక్టోబరులో కొండల మధ్య పొగమంచు దిగుతుంది, ఆ పేరు అందుకే వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్తారు.

పోయిన నెల నలుగురం తెలుగువాళ్లం కూర్చుని ఈ ఒక్క ప్రాంతపు వైన్లనే వరసగా రుచి చూశాం. ముందు దోల్చెత్తో, బర్బెరా (ఇవి రెండూ ఇక్కడి వేరే రకం ద్రాక్షల వైన్లు), తర్వాత నెబ్బియోలోతో చేసిన బర్బరెస్కో, రెండు ఊళ్ల బరోలోలు. నెబ్బియోలో దగ్గరికి రాగానే అనకాపల్లి స్నేహితుడు మొదటి గుక్కకే "చేదు" అన్నాడు. నిజామాబాద్ ఆవిడ వెంటనే, "చేదు కాదన్నా, వగరు. పచ్చి జామకాయ కొరికినట్టు లేదూ?" అంది. అతను ఇంకో గుక్క తాగి ఒప్పుకున్నాడు. కాకరకాయ చేదు, వేపపువ్వు చేదు నాలుకకు తెలుస్తాయి. వగరు అలా కాదు, నోరంతా పట్టేస్తుంది. నాలుక గరుకవుతుంది, బుగ్గల లోపలి పక్క బిగుసుకుంటుంది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి, నోట్లో ఆ జారుడుతనం పోతుంది. ఇది రుచి కాదు, స్పర్శ అని ఇక్కడి పుస్తకాలు అంటాయి. మన పెద్దలు దాన్ని రుచుల్లోనే లెక్కపెట్టారు. నాకు మనవాళ్ల లెక్కే నచ్చుతుంది, ఎందుకంటే తినేవాడికి అది రుచిగానే తెలుస్తుంది.

ఆ రోజు ఒక్కో గ్లాసుకూ మాకు తట్టిన మాటలు చెప్తాను. బర్బెరాలో పులుపు బాగా ఎక్కువ, వగరు తక్కువ. నోరూరుతుంది, ఎక్కువ తాగితే పళ్లు పులుస్తాయి. దోల్చెత్తో పేరులో తీపి ఉంది గానీ వైన్‌లో తీపి లేదు. పులుపు తక్కువ, కొంచెం వగరు, గుక్క మింగాక బాదంపప్పు పొట్టు లాంటి చిరుచేదు. అసలు చేదు అనే మాట వాడాల్సింది ఇక్కడ. ఇక నెబ్బియోలోలో పులుపూ వగరూ రెండూ గట్టిగానే ఉంటాయి. ఒక పక్క నోరు ఊరుతూ ఉంటుంది, ఇంకో పక్క ఆరిపోతూ ఉంటుంది. దానికి పోలిక ఏమిటా అని చాలాసేపు వెతికాం. చివరికి దొరికింది ఉసిరికాయ. రంగు చూస్తే పలచగా ఉంటుంది, ఈ వైన్‌లో ఏముంటుందిలే అనిపిస్తుంది. నోట్లో పోసుకున్నాక గానీ తెలియదు.

రెండు బరోలోలలో ఒకటి లా మొర్రాది, ఒకటి సెర్రలుంగా ద'ఆల్బాది. ఈ రెండు ఊళ్లకూ మధ్య నేరుగా చూస్తే పది కిలోమీటర్లు కూడా ఉండదు. ద్రాక్ష ఒకటే, నియమాలు ఒకటే. లా మొర్రా వైపు నేల సున్నం కలిసిన నీలిబూడిద రంగు బంకమట్టి. అక్కడి వైన్ కాస్త త్వరగా మెత్తబడుతుంది, పరిమళం ముందుగా పలకరిస్తుంది. సెర్రలుంగా వైపు ఇసుకరాతి పొరలు కలిసిన నేల. అక్కడి వైన్ చాలా ఏళ్ల వరకు బిగిసే ఉంటుంది. మా మాటల్లో చెప్పాలంటే మొదటిది నేరేడుపండు వగరు, రెండోది వక్క వగరు. బర్బరెస్కో ఈ రెండింటి కన్నా సున్నితంగా, దోర జామకాయలా ఉంది.

ఇంకొక మాట కూడా ఈ సందర్భంలోనే అడగాలి. ఇలాంటి వైన్‌ను ఏళ్ల తరబడి ఉంచడాన్ని 'పాతబెట్టడం', 'వయసు రావడం' అని రాస్తున్నారు. మనకు 'మాగడం' ఉంది కదా? గడ్డిలో మామిడికాయలు మాగబెడతాం. బరోలోను కోత ఏడాది నవంబరు 1 నుంచి కనీసం 38 నెలలు మాగబెట్టాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. బర్బరెస్కోకు 26 నెలలు, చెక్కలో 9. ఆ నియమం ఉన్నదే ఈ వగరు మెత్తబడడం కోసం. పిందె, పచ్చికాయ, దోరకాయ, పండు, మాగిన పండు అని మనకు ఒక మెట్ల వరసే ఉంది. వైన్ ఏ దశలో ఉందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించలేదు.

తిరుపతి నుంచి ఒక వ్యాఖ్య: వగరు అంటే మనకు మెచ్చుకోలు మాట కాదండీ. పిందె తిన్నప్పుడు ముఖం చిట్లించుకుని చెప్పే మాట. వంద యూరోల సీసాను పట్టుకుని వగరుగా ఉందంటే తిట్టినట్టు ఉండదా?

నా జవాబు: మంచి ప్రశ్న అడిగారు. కానీ భోజనం తర్వాత తాంబూలం ఎందుకు వేసుకుంటాం? అందులో వక్క ఇచ్చేది వగరే. ఉగాది పచ్చడిలో మామిడికాయ ముక్కను తొక్కతో సహా వేసేది పులుపుతో పాటు ఆ వగరు కోసం కూడా. ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగితే ఆ నీళ్లే తియ్యగా ఉంటాయి, చిన్నప్పుడు అందరం ఆ ఆట ఆడినవాళ్లమే. పచ్చి పిందెలో వగరు ఒక్కటే ఉంటుంది కాబట్టి తిట్టుకుంటాం. పక్కన పులుపు, పరిమళం ఉంటే అదే వగరును వెతుక్కుంటూ వెళ్తాం.

శ్రీకాళహస్తి నుంచి: మాది కలంకారీ పనివాళ్ల కుటుంబం. వైన్ సంగతి నాకు తెలియదు, వగరు సంగతి తెలుసు. గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతాం. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది, కరక్కాయ లేకపోతే రంగు పట్టదు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానబెట్టిన నీళ్లతో గీత గీస్తే ఆ గుడ్డ మీద నల్లగా తేలుతుంది. అదంతా కరక్కాయలోని వగరు చేసే పనే. మా ఇంట్లో 'వగరు ఎక్కింది' అని గుడ్డ గురించి కూడా అంటాం.

నా జవాబు: మీరు చెప్పింది చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. టానిన్ అనే మాట వచ్చిందే తోళ్లు ఊనే (శుద్ధి చేసే) పని నుంచి. మన దగ్గర ఆ పనికి తంగేడు చెక్క వాడేవారు, యూరప్‌లో ఓక్ చెట్టు బెరడు. తోలును గట్టిపరిచేది ఏదో, నాలుకను పట్టేసేదీ అదే. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. సంస్కృతంలో వగరును కషాయం అంటారు. మనం ఆ మాటను మందు నీళ్లకు ఉంచేసుకున్నాం. ఆ మాటకే ఎరుపు కలిసిన మట్టిరంగు అనే అర్థం కూడా ఉంది, కాషాయం వచ్చింది దాన్నుంచే. నెబ్బియోలో మాగేకొద్దీ గ్లాసు అంచున తిరిగే రంగు సరిగ్గా అదే, ఇటుకరంగులోకి దిగుతున్న కాషాయం. వగరు, కషాయం, కాషాయం మూడూ ఒకే గ్లాసులో కనిపించాయి నాకు.

హోసూరు నుంచి: మా వైపు ఒగరు అంటాం. కన్నడంలో కూడా ఒగరే. తమిళంలో తువర్పు. 'ఒగరు' అని రాస్తే తప్పంటారా?

నా జవాబు: తప్పెందుకు అవుతుందండీ? రెండూ మన మాటలే. మీ నోటికి ఏది వస్తే అది రాయండి.

గుంటూరు నుంచి: వగరు ఎక్కువున్నదే డ్రై వైనా? ఒక పత్రికలో 'పొడి వైన్' అని చూశాను.

నా జవాబు: కాదండీ, ఇవి రెండూ వేరు. డ్రై అంటే పులిసేటప్పుడు ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారిపోయిందని. 'తీపి లేని వైన్' అంటే సరిపోతుంది. తీపి లేని బర్బెరాలో వగరు తక్కువే కదా. 'పొడి వైన్' మాత్రం వద్దు, అది చదివినవాడు కాఫీ పొడి లాంటిదేదో అనుకుంటాడు. ఇంకో సంగతి, నెబ్బియోలో నోరు మరీ పట్టేస్తుంటే పక్కన చీజ్ ముక్కో, మాంసమో పెట్టుకోండి. వగరు వాటి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, నాలుకను వదిలేస్తుంది. డికాక్షన్‌లో పాలు పోస్తే టీ వగరు తగ్గేది కూడా ఇలాగే.

పలాస నుంచి: అన్నీ చెప్పారు గానీ జీడిమామిడి పండు మర్చిపోయారు. వగరంటే అదీ!

నా జవాబు: మర్చిపోలేదండీ, ఆ రోజు అనకాపల్లి స్నేహితుడు దాని పేరు చెప్పాడు. కానీ అది నాలుక దగ్గర ఆగదు, గొంతు పట్టుకుంటుంది, దగ్గు వస్తుంది. లాంగె కొండల్లో ఇప్పటిదాకా నేను తాగిన ఏ వైన్‌లోనూ ఆ వగరు లేదు. మీ వైపు దానికి వేరే మాట ఏదైనా ఉంటే చెప్పండి, మేం నలుగురం ఒక గంటసేపు వెతికినా దొరకలేదు.