ఆ పెద్ద టీషర్టు అందరినీ సమానం చేస్తుందా?

కృష్ణాతీరం:
మా అమ్మాయి అమెరికా దక్షిణాదిలోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఈ ఆగస్టులో చేరుతోంది. అక్కడ సొరోరిటీలో, అంటే గ్రీకు అక్షరాల పేరుతో నడిచే విద్యార్థినుల సంఘంలో, సభ్యత్వం కోసం ‘రష్’లో పాల్గొంటానంటోంది. రోజుల తరబడి సాగే ఆ ఎంపికలో ఏ రోజు ఏం వేసుకోవాలో రాసి ఉన్న పట్టికను మాకు చూపించింది. మొదట్లో టీషర్టు, నిక్కరు; తరవాత పూల గౌను; ఆఖరి రోజుకు పెద్దింటి విందుకు తగినంత హుందాగా ఉండే గౌను. చదువుకోవడానికి వెళ్లే పిల్లకు ఇదంతా ఎందుకని అడిగితే, “ఒకసారి చేరాక రోజూ టీషర్టే కదా నాన్నా, అక్కడ అందరూ ఒకటే” అంది. ఆ మాట నిజమేనా? ఈ వేషధారణ పిల్లలను కలుపుతుందా, వడపోస్తుందా? క్యాంపస్‌లను దగ్గర నుంచి చూసినవారు చెప్పగలరు.

నల్లరేగడి:
కృష్ణాతీరం గారూ, మీ అమ్మాయి మాటలో నిజం చాలానే ఉంది. నేను అలబామా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ మూడేళ్లు పాఠాలు చెప్పాను. ఉదయం ఎనిమిది గంటల తరగతికి వచ్చే సొరోరిటీ అమ్మాయిలు దాదాపు అందరూ వెలిసిన రంగుల కంఫర్ట్ కలర్స్ కంపెనీ టీషర్టు వేసుకునేవారు. అది రెండు సైజులు పెద్దది కావడంతో కింద ఉన్న పరుగు నిక్కరు అంచు కూడా కనిపించేది కాదు. ముందు జేబు మీద సంఘం అక్షరాలు, వీపు మీద ఏదో విరాళాల కార్యక్రమం బొమ్మ ఉండేవి. కోటీశ్వరుడి కూతురెవరో, ఉపకార వేతనంతో నెట్టుకొస్తున్న పిల్ల ఎవరో నాకు ఆ మూడేళ్లలో ఎన్నడూ తెలియలేదు. నేను చదువుకున్న జిల్లా పరిషత్ పాఠశాలలో నీలం నిక్కరు, తెల్లచొక్కా చేసిన మేలే అక్కడ ఆ టీషర్టు చేసిందని నా నమ్మకం.

అయితే ఊరు మారితే తీరు మారుతుంది. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం నాడు ‘గ్రోవ్’ అనే చెట్లతోపులో గుడారాలు వేసి, కొన్నింటిలో షాండ్లియర్ దీపాలు సైతం వేలాడదీస్తారు. ఆ ఎండలోనే మగపిల్లలు కోటు, టై. ఆడపిల్లలు గౌన్లు, బూట్లు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఆట చూడటానికి ఎరుపు తెలుపు చారల ఓవరాల్స్ వేసుకుని వెళతారు. అది సొరోరిటీ దుస్తులు కాదు, ఆ విశ్వవిద్యాలయం మొత్తానికీ చెందిన సరదా. కాబట్టి మీ అమ్మాయి వెళ్లేది ఎక్కడికో చూసి నిర్ణయించాలి తప్ప, అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు.

సాగరఘోష:
నల్లరేగడి గారు తరగతి గదిలో చూసినది నిజమే, కానీ తరగతి గదికి చేరడానికి ముందు జరిగేదే అసలు సంగతి. 2021 ఆగస్టులో అలబామా రష్ వీడియోలు టిక్‌టాక్‌లో దేశమంతటా తిరిగాయి. అమ్మాయిలు అద్దం ముందు నిలబడి, గౌను ఎక్కడ కొన్నారో, చెవిపోగులు ఎవరివో, బూట్లు ఏ కంపెనీవో ఒక్కొక్కటే చదివి వినిపించేవారు. గౌను షీన్ అనే ఆన్‌లైన్ దుకాణంలో చవగ్గా కొన్నదే కావచ్చు. చూపు మాత్రం పాదాల దాకా వెళుతుంది. గోల్డెన్ గూస్ అనే ఇటలీ కంపెనీ బూట్లకు పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. కొత్త బూటుకే గీతలు, మురికి మరకలు పెట్టి, జత ఐదువందల డాలర్లకు పైగా అమ్ముతారు. చూడటానికి అది పాత బూటు, తెలిసినవారికి మాత్రం అది ఆస్తిపత్రం. టీషర్టు సంగతీ అంతే.

ఇంకొక విషయం కూడా గమనించండి. చాలా సొరోరిటీలలో సభ్యత్వపు బ్యాడ్జీని టీషర్టు మీద పెట్టుకోనివ్వరు. హుందా దుస్తులు వేసుకున్నప్పుడే, గుండెకు దగ్గరగా పెట్టుకోవాలని నియమం. అంటే ఏ బట్టకు ఎంత విలువో సంఘమే నిర్ణయించి పెట్టింది. బడి యూనిఫారం ప్రతి పిల్లకూ దక్కుతుంది. ఈ టీషర్టు ఎంపికైనవారికే దక్కుతుంది. ఈ రెంటినీ ఒకటనడం నాకు బాధ కలిగించింది.

ఎర్రమట్టి:
మీరిద్దరూ తెల్లజాతివారి సొరోరిటీల గురించే మాట్లాడుతున్నారు. నల్లజాతివారి సొరోరిటీలూ ఉన్నాయి. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫాకు గులాబీ, ఆకుపచ్చ రంగులు. 1913లో అక్కడే పుట్టిన డెల్టా సిగ్మా థీటాకు ముదురు ఎరుపు, మీగడ రంగు. ఈ నల్లజాతి సంఘాలలో దీక్ష పూర్తికానివారు ఆ అక్షరాలున్న జాకెట్, అంటే పైన తొడుక్కునే కోటు, వేసుకోవడం పెద్ద తప్పు. చదువు ముగిసి నలభై ఏళ్లయినా ఆ రంగులు వదలరు. కమలా హారిస్ మెడలోని ముత్యాలు ఆల్ఫా కప్పా ఆల్ఫా ఆనవాయితీయే. తమకు తలుపులు మూసిన దేశంలో సంపాదించుకున్న గౌరవాన్ని వారు ఒంటి మీద మోస్తున్నారు. దానిని బడాయి అనడానికి నాకు నోరు రాదు.

బట్ట మరోలా కూడా మాట్లాడుతుంది. కప్పా ఆల్ఫా ఆర్డర్ అనే ఫ్రెటర్నిటీ, అంటే మగపిల్లల సంఘం, సభ్యులు ‘ఓల్డ్ సౌత్’ వేడుకలలో, బానిసత్వం నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యపు దుస్తులు వేసుకుని ఊరేగేవారు. 2009లో అలబామాలో అలాంటి ఊరేగింపు ఆల్ఫా కప్పా ఆల్ఫా భవనం ముందు ఆగింది. మరుసటి ఏడాది గాని ఆ దుస్తులను వారి జాతీయ కార్యాలయం నిషేధించలేదు. అందుచేత ఖరీదు ఎంత అన్నదానికంటే, ఆ బట్ట ఎవరిని గుర్తుచేస్తోంది అన్న ప్రశ్న ముందు అడగాలి.

పారిజాతం:
నేను టెక్సస్‌లో దక్షిణాసియా సొరోరిటీ సభ్యురాలిని. ఆస్టిన్‌లో 1998లోనే కప్పా ఫై గామా అనే సొరోరిటీ, డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రెటర్నిటీ మనవారి పిల్లలు పెట్టుకున్నారు. నాకు జాకెట్ ఇచ్చిన రాత్రి, దాని మీద కుట్టిన అక్షరాల అంచులు వేళ్లకు గరుకుగా తగలడం ఇప్పటికీ గుర్తు. దీపావళి నాడు పట్టుచీర మీద అదే జాకెట్ వేసుకున్నాను. అయినా సాగరఘోష గారి మాట కాదనలేను. మాలోనూ వేడుక వేడుకకూ కొత్త లెహంగా కొనలేక, “పరీక్షలున్నాయి” అని గదిలో ఉండిపోయిన పిల్లలున్నారు. ఒక ఏడాది అలా ఉండిపోయింది నేనే.

కృష్ణాతీరం:
పారిజాతం గారి మాటలు మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పట్టిక తీసి, తన దగ్గర ఉన్నవాటికి ఎదురుగా గీతలు పెట్టింది. మిగిలింది ఆఖరి రోజు గౌను ఒక్కటే. అది గదిలో ఉండబోయే అమ్మాయి దగ్గర అరువు తీసుకుంటుందట. బూట్లు కొనేది లేదని తనే చెప్పింది. నల్లరేగడి గారూ, టీషర్టును యూనిఫారంతో పోల్చడానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. ఎంపిక కాని పిల్లలు మర్నాడు ఏం వేసుకుని తరగతికి వచ్చేవారో మీకు గుర్తుంటే రాయండి.