ఏఎంటీ కారును మాన్యువల్‌గా మార్పించినవాళ్లు ఉన్నారా?

అన్నలూ, వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్) కారుకు క్లచ్ పెడల్ పెట్టించి పూర్తి మాన్యువల్ చేయించుకున్నారా? మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాన్న నడుపుతారు. కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఒక్కోసారి గేరు దానంతటదే న్యూట్రల్‌లో పడుతోంది. మీటర్‌లో ‘ఎన్’ మెరుస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. వెనక లారీ ఉంటే ఇక ఆ టెన్షన్ చెప్పలేం.

క్లచ్ ప్లేటు కొత్తదే. లోపం యాక్చువేటర్‌లో ఉందట, కొత్తదాని రేటు మా వల్ల కాదు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్, ‘ఏఎంటీలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చేది యాక్చువేటర్. అది తీసేసి పెడల్, కేబుళ్లు, లివర్ బిగిస్తే సరి’ అంటున్నాడు. ఆ మాట నిజమే. నా భయమంతా వైరింగ్ గురించి. ఏఎంటీ కంట్రోలర్ నుంచి సిగ్నల్ రాకపోతే బండి స్టార్ట్ అవుతుందా? మాన్యువల్ మోడల్ ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) వేస్తే ఇమ్మొబిలైజర్‌కు (వేరే తాళంచెవితో ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపేది) తాళంచెవి మళ్లీ కోడింగ్ చేయించాలి కదా, ఆ పని మన దగ్గర నమ్మకంగా ఎవరు చేస్తారు?

ఆర్సీ సంగతి కూడా చెప్పండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. మా ఆర్సీలో మోడల్ పేరు పక్కనే ఏఎంటీ అని ఉంది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు దీన్నే పట్టుకుంటారేమో. ఆర్టీఏ ఆఫీసులో ఎవరైనా ముందే అనుమతి తీసుకున్నారా?

నాన్నకు ఎడమ మోకాలు నొప్పి, అందుకే ఆటోమేటిక్ కొన్నాం. కాబట్టి యాక్చువేటర్‌నే బాగుచేసే మంచి పనివాడు హన్మకొండలో గానీ హైదరాబాద్‌లో గానీ ఉంటే ముందు ఆ వివరం చెప్పండి, బండి అక్కడికే తీసుకెళ్తాం.