చర్చ: వేసవి సెలవుల 49 రోజులు - పిల్లవాణ్ణి ఊరికి పంపాలా, కోర్సులో చేర్చాలా?

కోనసీమ నాన్న (ప్రశ్న అడిగినవారు):

పది రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. మా వాడికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి అయిపోవచ్చింది. హైదరాబాదులో ఉంటాం. ఏప్రిల్ 24 నుంచి సెలవులు, మళ్ళీ జూన్ 12న బడి. మధ్యలో 49 రోజులు. దగ్గర్లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఎనిమిదో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ అని ఐదు వారాల కోర్సు పెట్టారు, 18 వేలు. చేర్పిద్దామని మా ఆవిడ అంటోంది. ఊరికి పంపుదామని నేనంటున్నాను. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. వాడి క్లాసులో సగం మంది చేరారు, రేపు జూన్‌లో వెనకబడితే టెన్షన్ పడేది వాడే.

నా సంగతి చెబుతాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి ముందే పంటకాలువ. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువ కట్టేసేవారు. ఇక మే నెలంతా ఆ ఎండిన కాలువలోనే మా ఆటలు. వంతెన కింద మాత్రం మోకాలి లోతు నీళ్ళు మిగిలేవి, అందులో మట్టగిడసల్ని చేతుల్తో పట్టేవాళ్ళం. జూన్‌లో ఒక రోజు ఎవరో ఒకరు సైకిల్ మీద పోతూ "ధవళేశ్వరంలో నీళ్ళొదిలారంట" అని కేకేసేవారు. అప్పట్నుంచి మేం వంతెన దిగేవాళ్ళం కాదు.

నీళ్ళ మొన వచ్చేటప్పుడు చూశారా ఎప్పుడైనా? ముందు నీళ్ళు కనపడవు. ఎండుటాకులు, కొబ్బరి పీచు, పుల్లలు, మురికి నురగ, అదంతా ఒక చాపలాగా మెల్లిగా జరుగుతూ వస్తుంది. దాని వెనక నీళ్ళు. నేల పగుళ్ళలోకి దిగుతుంటే బుడబుడమని చప్పుడు. ఆ చప్పుడుతో పాటే తడిసిన మట్టి వాసన. మనిషి నడిచినంత వేగంతో వస్తుంది కాబట్టి మేం గట్టు మీద దాని పక్కనే పక్క ఊరి పొలిమేర దాకా నడిచేవాళ్ళం. తువ్వాలు భుజానేసుకుని నాన్న మా వెనకాల వచ్చేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ ఏటికి సార్వా (తొలి పంట) మొదలైనట్టే.

మా వాడికి వానాకాలం అంటే స్కూల్ బస్సు లేటు రావడం. మొన్న కార్తె అంటే ఏంటని అడిగాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడని, అలా ఏడాదికి 27 కార్తెలని, వాటిని చూసుకునే రైతు విత్తనం చల్లుతాడని చెప్పాను. మే ఆఖర్లో వచ్చేది రోహిణి, ఆ ఎండకు రోళ్ళు పగులుతాయని సామెత కూడా చెప్పాను. "రోలంటే ఏంటి నాన్నా?" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నాకు దొరికింది వాడికి దొరక్కుండానే వాడు పెద్దవాడైపోతున్నాడు. ఇంకో రెండు మూడేళ్ళయితే టెన్త్, తర్వాత ఇంటర్, ఇక సెలవులన్న మాటే ఉండదు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల మాస్టారు:

ప్రభుత్వ బడిలో 26 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. సెలవుల్లో తరగతులు పెట్టొద్దని విద్యాశాఖ ఏటా చెబుతూనే ఉంటుంది, పెట్టేవాళ్ళు పెడుతూనే ఉంటారు. మీరు ఒక పని చేయండి బాబూ. మీ వాడికి భిన్నాలు, దశాంశాలు, రుణసంఖ్యలు బాగా వచ్చా లేదా చూడండి. వస్తే ఆ 18 వేలు దాచుకోండి. రాకపోతే రోజుకో గంట పక్కన కూర్చుని మీరే చేయించండి. ఐదు వారాల్లో ఎనిమిదో తరగతి పాఠాలన్నీ పైపైన పరిగెత్తించుకుని వచ్చిన పిల్లలు జూన్‌లో "ఇది మాకు వచ్చు సార్" అని వినడం మానేస్తారు. వాళ్ళకు చెప్పడమే నాకు ఎక్కువ కష్టం. పంపండి ఊరికి.

సిద్దిపేట కోడలు:

అన్నా, నేను ఒప్పుకోను. మీరు రాసింది చదువుతుంటే కళ్ళముందు కనపడింది, అది నిజం. కానీ అందులో కాలువ ఉంది, చేపలున్నాయి, మీ నాన్న ఉన్నారు. మీ అమ్మ ఒక్క వాక్యంలో కూడా లేదు. ఆ మట్టగిడసలు ఎవరు తోమారు? ఎవరు వండారు?

మా ఇంటికి ఎండాకాలంలో ఆడబిడ్డల పిల్లలు, బావగారి పిల్లలు కలిపి ఏడుగురు వస్తారు. మా అత్తమ్మకు 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. పొద్దున ఐదింటికి పొయ్యి దగ్గర నిలబడితే రాత్రి పది దాకా అదే పని. మృగశిర మొదలైన రోజు చేపలు తినాలి కదా మా దిక్కు. అందరికీ పులుసు వడ్డించి ఆమె పళ్ళెం ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం మూడవుతుంది, గిన్నెలో తోక ముక్కలే మిగులుతాయి. పిల్లలు వస్తున్నారంటే ఆమెకు సంతోషమే, కాదనను. వాళ్ళు వెళ్ళిపోయాక నాలుగు రోజులు మంచం మీద నుంచి లేవదు, అది కూడా నేను చూస్తాను.

మీరూ వదినా పది రోజులు మాట్లాడుకున్నారు. మీ అమ్మను ఒక్కసారైనా అడిగారా?

ఊరు లేనివాళ్ళం:

సిద్దిపేట అక్క చెప్పింది ఒక సంగతి. నాది ఇంకోటి. ఊళ్ళో ఇల్లూ, అమ్మానాన్నా ఉన్నవాళ్ళకే ఈ చర్చ. మా ఇద్దరి తరఫునా పెద్దవాళ్ళు లేరు, ఇద్దరం ఆఫీసులకు పోతాం. కోర్సు లేకపోతే పదకొండేళ్ళ పాప తాళం వేసిన ఫ్లాట్‌లో ఫోన్‌తో ఉంటుంది. అందుకే చేర్పించాను. చదువు కోసం అని అందరికీ చెబుతాను గాని, అసలు కారణం ఇది. కోర్సుల్లో వేసే తల్లిదండ్రులందరూ ర్యాంకుల పిచ్చితో వేయడం లేదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కృష్ణాతీరం:

ఒక్క మాట చెప్పి పోతాను. ఈత రాని పిల్లల్ని కాలువ గట్టుకు ఒంటరిగా పంపకండి. ప్రతి ఎండాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. మన చిన్నప్పుడు గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి ఉండేవాడు, బట్టలుతికేవాళ్ళుండేవారు. ఇప్పుడు కేకేసినా పలికేవాళ్ళు లేరు.

బీటెక్ ఫైనలియర్:

అంకుల్, నేను మీ అబ్బాయి వైపు నుంచి చెబుతాను. నాకిప్పుడు 22. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా ఏటా మే నెలలో నాన్న నన్ను ఊరికి పంపారు. మాది పల్నాడు. నాన్న చెప్పే కథలు చాలా బాగుండేవి. దిబ్బ మీద కోతికొమ్మచ్చి, తాటితోపులో ముంజలు, రాత్రి ఆరుబయట నులకమంచాలు. నేను వెళ్ళేసరికి ఆ వీధిలో నా ఈడు పిల్లలు ఇద్దరే. మిగతా ఇళ్ళకు తాళాలు. ఆ ఇద్దరూ మధ్యాహ్నం మిర్చి కల్లాల్లో పనికి వెళ్ళేవారు. తాతయ్య అన్నం తిని పడుకుంటే నాలుగింటి దాకా నేనూ, ఫ్యానూ, కరెంటు పోతే నేనొక్కణ్ణే.

నాన్న మొదటి రోజు దింపి, రాత్రి బస్సుకు వెళ్ళిపోయేవారు. ఒక్క ఏడాది మాత్రం తాతయ్యకు ఒంట్లో బాగోక వారం రోజులున్నారు. ఆ వారంలో తాటితోపుకు వెళ్ళాం. ముంజకాయలో బొటనవేలు ఎలా పెట్టి తియ్యాలో నాన్న చూపించారు, నీళ్ళు కంట్లోకి చిమ్మాయి. నాలుగు వేసవులు కలిపి నాకు బాగా గుర్తున్నది ఆ వారమే. మీరు చెప్పిన నీళ్ళ మొన మీరు పక్కన లేకుండా మీ వాడు చూస్తే, వాడికి అది ఆకులూ చెత్తా కొట్టుకొచ్చే కాలువే అంకుల్. ఎవరో ఒకరు చూపించాలి.

సిద్దిపేట కోడలు:

తమ్ముడూ, ఇది నా మాటకు బలమే గాని ఎదురు కాదు. పంపడం వేరు, వెంట వెళ్ళడం వేరు.

కోనసీమ నాన్న:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను. నిజం చెప్పాలంటే సిద్దిపేట చెల్లెమ్మ మాట చదివాక రెండు రోజులు ఇటు రాలేకపోయాను. నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. అమ్మ లేదు. నేను కావాలని వదిలేసింది కాదు, నాకు గుర్తు రాలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. సెలవుల్లో వాణ్ణి పంపనా, నీకు కష్టమవుతుందా అని అడిగాను. ఇన్నేళ్ళలో ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోహిణి కార్తెలో వద్దురా, ఆ ఎండకు నేనే ఆగలేకపోతున్నాను, ఆవకాయ పని కూడా అప్పుడే. నీళ్ళొదిలే ముందు రండి" అంది. నీళ్ళ మాట రాగానే నా చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. నేను సగంలో ఉండగానే అంది, "నువ్వూ మీ నాన్నా గట్టెంట పోయేవాళ్ళు. నేను ఒక్కసారీ మొన చూళ్ళేదు. వంట ముగించుకుని వచ్చేసరికి కాలువ నిండిపోయి ఉండేది."

ఆ ఇంట్లో 45 ఏళ్ళుగా ఉంది అమ్మ. కాలువకూ వంటింటికీ మధ్య యాభై అడుగులు కూడా ఉండవు.

మా ఆవిడతో మాట్లాడాను. కోర్సు వద్దనుకున్నాం. మే నెలలో రోజూ సాయంత్రం గంటసేపు మాస్టారు చెప్పిన భిన్నాలు, రుణసంఖ్యలు నేనే చేయిస్తాను. ఆదివారాలు ఈతకు తీసుకెళ్తాను, కృష్ణాతీరం గారు చెప్పింది మనసులో పెట్టుకున్నాను. రోహిణి దాటగానే, జూన్ రెండో వారం సెలవు పెట్టి ముగ్గురం కలిసి వెళ్తున్నాం. వాణ్ణి ఒక్కణ్ణే దింపి రావడం లేదు తమ్ముడూ. నీళ్ళు ఏ రోజు వదులుతారో ముందుగా చెప్పలేం, బడి తెరిచేలోపు మా ఊరు చేరకపోతే వాడు రెండు రోజులు బడి మానేస్తాడు. దీనికి మాత్రం మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

నీళ్ళొచ్చే రోజు కోసం ముందురోజే కూరలు చేసి పెట్టుకుంటానంది అమ్మ. ఆ రోజు వంట నాదని చెప్పాను. రాజమండ్రికి మూడు టికెట్లు తీశాను. అక్కణ్ణుంచి బస్సు.