షాకుహాచీ: కింది ‘రో’ పలకడం లేదు, త్సు-మెరి దిగడం లేదు, నూనె రాయవచ్చా?

వేణుగానం_రెండుశ్రుతి:
కర్ణాటక వేణువు అలవాటున్న చేతికి షాకుహాచీ అనే జపాన్ వెదురు వేణువు కొత్త. 1.8 కొలతది, మధ్యలో ఊడే రెండు ముక్కలది, లోపల ఎర్రటి పూత ఉంది. మూడు సందేహాలు.

ఒకటి, అన్ని రంధ్రాలూ మూస్తే రావలసిన కింది ‘రో’ పదిసార్లలో మూడుసార్లే పలుకుతోంది. పై స్వరాలు బాగానే ఉన్నాయి. రెండు, తల వంచి దించే త్సు-మెరి స్వరం ‘ఈ ఫ్లాట్’ దాకా దిగాలి, ట్యూనర్‌లో ‘ఈ’ దగ్గరే ఆగిపోతోంది. మూడు, మన వేణువుకి రాసినట్టు దీనికీ నూనె రాయవచ్చా? ఇంకోటి, కింకో పద్ధతి నేర్చుకోవాలా, తోజాన్ పద్ధతా?

బొంగుపని:
పైవి పలుకుతూ ‘రో’ ఒక్కటే మొరాయిస్తోందంటే ముందు పెదవిని కాదు, వేళ్లని అనుమానించండి. పై నుంచి కింది దాకా ఎక్కడ గాలి కారినా ముందు చచ్చేది ‘రో’యే.

ముందు రంధ్రాలు నాలుగు, వెనక బొటనవేలికి ఒకటి. కింది నుంచి లెక్కపెడితే ఒకటోది కుడి ఉంగరపు వేలు, రెండోది కుడి చూపుడు వేలు, మూడోది ఎడమ ఉంగరపు వేలు, నాలుగోది ఎడమ చూపుడు వేలు, అయిదోది ఎడమ బొటనవేలు. మధ్యవేళ్లకి రంధ్రాలే లేవు. వాటి పని వేణువుని పట్టుకోవడం. కర్ణాటక వేణువు వాళ్లు అలవాటుగా మధ్యవేలిని లేపేస్తారు, దాంతో వేణువు ఊగి ఉంగరపు వేలి కింద సందు పడుతుంది. పైగా రంధ్రాలు పెద్దవి కాబట్టి వేలి కొసతో కాదు, మెత్తటి కండతో మూయాలి. కుడి ఉంగరపు వేలిని కాస్త చాపి పెట్టండి.

పరీక్ష ఇలా చేయండి. అయిదు రంధ్రాలూ మూసి, అడుగు కొసని మోకాలికి గట్టిగా ఆనించి, పై కొసని నోటితో మూసి గాలి లోపలికి పీల్చండి. పెదవికి పట్టినట్టు రెండు మూడు క్షణాలు నిలిస్తే వేణువు మంచిదే. వెంటనే వదిలేస్తే వేళ్లో, అతుకో, చీలికో. ముందు అతుకు మీద చేయి చుట్టి మళ్లీ పీల్చి చూడండి.

ఇక పెదవి. మన వేణువుకి ఊదే రంధ్రం అంచులు నాలుగు వైపులా ఉంటాయి. ఇక్కడ పై కొస మొత్తం తెరిచే ఉంటుంది, దాని వెనక సగాన్ని మూసేది మీ గడ్డమే. గడ్డం గుంటలో వెనక అంచు ఆనాలి, కింది పెదవి కొద్దిగా లోపలికి వాలాలి, ఎదురుగా ఉన్న కోసిన అంచుని, అంటే ఉతాగుచిని, సన్నటి గాలి తాకాలి. పెదవుల సందు బియ్యపు గింజ కన్నా పెద్దది కాకూడదు. అద్దం ముందు ఊది చూడండి. ఊదాక అంచు మీద తేమ చార నడిమధ్య పడాలి. పక్కకి పడుతుంటే తల వంకరగా ఉంది, లేదా వేణువే వంకరగా ఉంది. ‘రో’ రాలేదని గాలి పెంచకండి. పెంచితే అది పై స్థాయికి, అంటే ‘కాన్’కి ఎగిరిపోతుంది.

రోజూ పది నిమిషాలు ‘రో’ ఒక్కటే, శ్వాసకి ఒకసారి. దీన్నే రో-బుకి అంటారు. అది నిలిచేదాకా మిగతావి ముట్టుకోకండి.

మెరికరి:
పై చివరి మాటతో నేను ఒప్పుకోను. ‘రో’ నిలిచేదాకా ఆగితే మెరి, అంటే తల వంచి శ్రుతి దించడం, నెలల వెనక్కి పోతుంది. ఈ వాయిద్యంలో గమకం వేలిలో లేదు, మెడలో ఉంది. జపాన్‌లో సామెతే ఉంది, ‘కుబిఫురి సన్నెన్, కోరో హచినెన్’ అని. తల ఆడించడానికి మూడేళ్లు, ‘కోరో’ అనే వణికే ధ్వని పలికించడానికి ఎనిమిదేళ్లు. కాబట్టి రో-బుకి పక్కనే రోజూ అయిదు నిమిషాలు మెరి కూడా పెట్టుకోండి.

తల వంచితే పెదవికీ అంచుకీ మధ్య దూరం తగ్గుతుంది, పై కొస నోరు మరికొంత మూసుకుంటుంది, శ్రుతి దిగుతుంది. మీది ‘ఈ’ దగ్గర ఆగడానికి నాకు తోచిన కారణం, తలతో పాటు వేణువు కూడా కిందికి వస్తోంది. రెండూ కలిసి కదిలితే కోణం మారదు, శ్రుతీ మారదు. అడుగు కొసని బల్ల అంచుకి ఆనించి అక్కడే ఉంచి, తల మాత్రమే ‘ఊ’ అన్నట్టు వంచి చూడండి.

మెట్లు ఇవి. ఒకటో రంధ్రం పూర్తిగా తెరిచి త్సు, అంటే ‘ఎఫ్’, సుమారు 349 హెర్ట్జ్. వేలు కదపకుండా తలతోనే ‘ఈ’కి, 330కి దిగండి. అక్కడ నిలిచాక ఒకటో రంధ్రాన్ని వేలితో కొద్దిగా కప్పుతూ మరింత వంచితే ‘ఈ ఫ్లాట్’, 311. వేలితోనే దించేస్తే ట్యూనర్ ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు: మెరి స్వరం మసకగా, లోపలికి ముడుచుకున్నట్టు వినిపించాలి. భయంతో గాలి పెంచడం రెండో తప్పు. మెరికి గాలి తగ్గాలి, పెదవి బిగుసుకోకూడదు. (ఏ 440 కాక 442కి శ్రుతి చేసినవి చాలా ఉన్నాయి, ట్యూనర్ సర్దుకోండి. అది ఎనిమిది సెంట్ల తేడా. చల్లటి వేణువు కాస్త తగ్గు పలుకుతుంది, ముందు రెండు నిమిషాలు వెచ్చబరచాలి.)

మీకు ఒక దగ్గర దారి ఉంది. 1.8 అంటే జపాన్ పాత కొలతలో ఒక షాకు ఎనిమిది సున్, 54.5 సెంటీమీటర్లు, మన లెక్కలో రెండు శ్రుతి. రంధ్రాలు కింది నుంచి వరసగా తెరిస్తే రో, త్సు, రే, చి, రి. ‘రో’ని షడ్జమం అనుకుంటే స గ మ ప ని, అచ్చంగా శుద్ధ ధన్యాసి స్వరాలు. త్సు బదులు త్సు-మెరి పెట్టండి, స రి మ ప ని, రేవతి. తంబురా యాప్ రెండు శ్రుతిలో పెట్టుకుని శుద్ధ రిషభం కుదిరిందో లేదో వినండి, ట్యూనర్ కన్నా ఇదే నిక్కచ్చి. గమకాలు మాత్రం వేయకండి, ఇక్కడ అవి అలవాటైతే వదిలించుకోవడం కష్టం.

లక్కపూత:
నూనె వద్దు. లోపల ఉన్నది ‘జి’ అనే మెత్తటి ముద్ద, దాని మీద ఉరుషి లక్క. ఆ లోపలి ఆకారాన్ని తయారీదారు పలచగా పూసి, అరగదీసి, శ్రుతి కుదిర్చాడు. నూనె చేరితే దుమ్ము పట్టడం తప్ప లాభం లేదు. లోపల పూత లేని జినాషి రకం సంగతి వేరు, దానికి తయారీదారునే అడగాలి.

మన దగ్గర అసలు శత్రువు ఏసీ గది. షాకుహాచీ చేసే మదాకే వెదురు ఒక్కసారిగా ఎండితే నిలువునా చీలుతుంది. మే నెలలో కారులో వదిలేసినా అంతే. వాయించాక బట్టతో లోపల తుడిచి, అతుకు ఊడదీసి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. సంచిలో తేమ 50 శాతం కన్నా పడిపోకుండా చూసుకోండి. ఊడదీసేటప్పుడు రంధ్రాల మీద కాక అతుకుకి దగ్గరగా పట్టి, మెల్లగా తిప్పుతూ లాగాలి. చీలిక కనిపిస్తే జిగురు పోయకండి. పోస్తే తర్వాత దారం చుట్టి బిగించేవాడికి పని రెట్టింపు. దాన్ని బిగించేది పైన చుట్టే దారమే.

పాతది జపాన్ నుంచి కొనేవాళ్లకి ఒక మాట: ఉతాగుచిలో పొదిగింది ఏనుగు దంతమైతే దేశాలు దాటించడం చట్టపరంగా చిక్కు. గేదె కొమ్ముదైతే ఆ బెడద లేదు.

కటకానా:
ఉతాగుచిలో పొదిగిన ముక్క కోణాలుగా ఉంటే కింకో, నెలవంకలా ఉంటే తోజాన్. వాయించడానికి పెద్ద తేడా లేదు, ఏ పద్ధతి పాఠమైనా ఏ వేణువు మీదైనా చెప్పుకోవచ్చు. తేడా నోటేషన్‌లో, పాటల్లో ఉంది. రెండూ జపాన్ లిపి కటకానా అక్షరాలే, నిలువుగా, కుడి నుంచి ఎడమకి. కింకోలో ‘రి’ అన్నది తోజాన్‌లో ‘హా’. ఒకటి నేర్చి రెండోది చదివితే మొదట తికమక తప్పదు.

కింకో పేరు 18వ శతాబ్దపు కురోసావా కింకోది, ఆ సంప్రదాయంలో 36 హొన్క్యోకు, అంటే షాకుహాచీకే ఉన్న పాత రచనలు, ఉన్నాయి. బుట్ట టోపీ పెట్టుకుని తిరిగిన కొముసో సన్యాసుల వాద్యం అది. వాళ్ల ఫుకే అనే బౌద్ధ శాఖని 1871లో ప్రభుత్వం రద్దు చేసింది. నకావో తోజాన్ తన పద్ధతిని 1896లో ఒసాకాలో మొదలుపెట్టాడు. అక్కడ తాళం విభజన గీతలు స్పష్టంగా ఉంటాయి, అందుకని తాళానికి అలవాటుపడ్డ వాళ్లకి తోజాన్ తొందరగా అబ్బుతుంది. హొన్క్యోకులో మన తాళం లెక్క పనికిరాదు, ఒక శ్వాస ఒక వాక్యం.

నా మటుకు గురువు ఎవరు దొరికితే ఆ పద్ధతే. వీడియో పాఠమైతే జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, సమయం కుదురుతుంది. కానీ శబ్దం ఆలస్యంగా చేరుతుంది, కలిసి వాయించడం కుదరదు. ఆయన వాయించింది విని, తర్వాత మీరు వాయించాలి.

వేణుగానం_రెండుశ్రుతి:
పీల్చి చూశాను. అతుకు మీద చేయి చుట్టినప్పుడు నిలుస్తోంది, తీస్తే వదిలేస్తోంది. దారం చుట్టవచ్చా?

బొంగుపని:
చుట్టవచ్చు, లోపలికి దూరే ముక్క మీద. సన్నటి దారం పక్కపక్కనే ఒక వరస, మళ్లీ బిగించి చూసి చాలకపోతేనే ఇంకో నాలుగు చుట్లు. బలం పెట్టి దూర్చాల్సి వస్తే ఎక్కువైనట్టే, బయటి ముక్క చీలుతుంది, వెంటనే రెండు చుట్లు తీసేయండి.