"21 రోజుల్లో అలవాటు": ఈ వాక్యం ఉంచాలా, కొట్టేయాలా?

ప్రశ్న:
వ్యక్తిత్వ వికాస వ్యాసాలు దిద్దడం నా పని. నిన్న వచ్చిన వ్యాసంలో మొదటి వాక్యమే "ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుందని సైన్స్ తేల్చింది". ఆధారం అడిగితే "అందరికీ తెలిసిందే కదండీ" అన్నారు రచయిత. ఈ నెలలో ఇది మూడోసారి! కొట్టేస్తే వ్యాసానికి తలే ఉండదు. ఏం చేయమంటారు?

జవాబు 1:
కొట్టేయండి. 1960లో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసింది వేరు. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నారు. ఆ "కనీసం" దారిలో ఎక్కడో జారిపోయింది. తర్వాత లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే కొత్త అలవాటు కుదరడానికి దాదాపు 66 రోజులని తేలింది. అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉంటుందని అంచనా.

జవాబు 2:
"సైన్స్ తేల్చింది" అని కనబడితే పక్కన "ఎవరు? ఎప్పుడు?" అని రాసి తిప్పి పంపుతాను. కుంగుబాటు గురించైతే ఇంకా గట్టిగా ఉంటాను. మందులు మానేయమనే ధ్వని వినిపించినా ప్రచురించను.

ప్రశ్న అడిగినవారు:
254 అనగానే రచయిత కాసేపు మాట్లాడలేదు. తన ఉదయపు నడకే నాలుగు నెలలకు గానీ కుదరలేదని తర్వాత ఒప్పుకున్నారు. మొదటి పేరాగా అదే రాయమన్నాను.