ఫ్యూజన్‌లో తగ్గిన ద్రవ్యరాశి ఎక్కడికి పోతుంది? మీకెలా అర్థమైంది?

ఇంటర్_సెకండియర్:
కేంద్రక సంలీనం (ఫ్యూజన్, అంటే తేలిక కేంద్రకాలు కలిసి బరువైనదిగా మారడం) లెక్క చేస్తే నాకు శక్తి సున్నా వచ్చింది. బరువైన హైడ్రోజన్ రకాలు డ్యుటీరియం 2.0, ట్రిటియం 3.0, మొత్తం 5.0. అటువైపు హీలియం 4.0, న్యూట్రాన్ 1.0, అదీ 5.0. మరి ద్రవ్యరాశి లోపం, అంటే ఆ తగ్గిన ద్రవ్యరాశి, ఎక్కడుంది? లోపల ఏదైనా కణం మాయమవుతుందా? ఎల్లుండే పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

ఫిజిక్స్_మేడమ్:
బాబూ, రౌండాఫ్ చేసి అసలుదాన్నే పారేశావు. నా క్లాసులో ఏటా ఎవరో ఒకరు ఇలాగే చేస్తారు. 2.0141కి 3.0160 కలుపు, 5.0301. అటు 4.0026, 1.0087 కలిపితే 5.0113. తేడా 0.0188. తగ్గిన ఆ ద్రవ్యరాశే శక్తిగా బయటికొస్తుంది. ఒక పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం 931.5 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలమానం)కి సమానం కాబట్టి, దాన్ని 931.5తో గుణిస్తే 17.5 వస్తుంది. ఇంకో రెండు దశాంశ స్థానాలు తీసుకుంటే పుస్తకంలో ఉన్న 17.6 ఎంఈవీ వచ్చేస్తుంది. కణాలేవీ మాయం కావు. లెక్కపెట్టి చూడు, ముందూ వెనకా 2 ప్రోటాన్లు, 3 న్యూట్రాన్లే.

అమ్ములు_నాన్న:
మా అమ్మాయి ఇదే అడిగితే రెండు అయస్కాంతాలు చేతికిచ్చాను. దగ్గరికి తెచ్చి వదిలితే టక్కున అతుక్కున్నాయి. ఆ చప్పుడు, ఆ కాస్త వేడి బయటికి పోయిన శక్తే. విడదీయాలంటే మళ్లీ మనమే బలం పెట్టాలి. కేంద్రకంలోనూ ఇంతేనని చెప్పాను. తప్పుంటే సరిదిద్దండి మేడమ్.

ఫిజిక్స్_మేడమ్:
చాలా బాగా చెప్పారండీ. నిజానికి ఆ అయస్కాంతాల ద్రవ్యరాశి కూడా తగ్గుతుంది, కానీ ఏ త్రాసుకూ అందనంత తక్కువ. కేంద్రకంలో బంధం మరీ గట్టిది కాబట్టి అక్కడ కొలవగలం. 1920లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్టన్ కొలతల్లో నాలుగు హైడ్రోజన్ల కంటే ఒక హీలియం తేలికని తేలింది. సూర్యుడి వెలుగుకు మూలం ఇదే కావచ్చని ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఆ ఏడాదే అన్నారు.

కరెంటు_ఉద్యోగి:
నేను కరెంటు యూనిట్లలో వేసి చూశాను. ఒక్క గ్రాము పూర్తిగా శక్తిగా మారితే రెండున్నర కోట్ల యూనిట్లు! 2022 డిసెంబరు 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అనే లేజర్ పరిశోధనశాలలో ఫ్యూజన్ ఇంధనం మీదికి 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతి పంపితే ఫ్యూజన్ నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చింది. ఆ లేజర్లు నడవడానికి తీసుకున్న కరెంటు మాత్రం దాదాపు 300 మెగాజౌళ్లు. వచ్చిన 3.15 మన మీటర్లో ఒక యూనిట్‌కి కూడా తక్కువే. తగ్గిన ద్రవ్యరాశి సుమారు 35 నానోగ్రాములు. అయినా ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటర్_సెకండియర్:
సూర్యుడి లెక్క కూడా చేశాను మేడమ్. నాలుగు హైడ్రోజన్లు ఒక హీలియంగా మారితే 26.7 ఎంఈవీ, అంటే 0.7 శాతం ద్రవ్యరాశి తగ్గుతుంది. కానీ నాలుగు ప్రోటాన్లు కలిస్తే హీలియంలో రెండే ఉన్నాయి. కణాలు మాయం కావన్నారు కదా?

ఫిజిక్స్_మేడమ్:
మంచి ప్రశ్న! రెండు ప్రోటాన్లు న్యూట్రాన్లుగా మారతాయి. అప్పుడు పాజిట్రాన్లు (ధనావేశమున్న ఎలక్ట్రాన్ల లాంటివి), న్యూట్రినోలు (ఆవేశం లేని అతి తేలిక కణాలు) బయటికొస్తాయి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి చూస్తే మొత్తం నాలుగూ నాలుగే. ఆ మార్పు ఎంత అరుదంటే ఒక ప్రోటాన్ సగటున వందల కోట్ల ఏళ్లు ఆగాలి. అందుకే సూర్యుడు ఒక్కసారిగా పేలిపోకుండా ఇంతకాలంగా నిలకడగా మండుతున్నాడు.