టీనేజ్ పిల్లలతో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: బీకాం ఆఖరి ఏడాది. ఎన్ఎస్ఎస్ క్యాంపులో వారం రోజులు ఆ ఊరి టెన్త్ పిల్లలతో గడిపాక అకౌంట్స్ మీదకి మనసు పోవట్లేదు. ఇలాంటి పనికి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది? బీఈడీ చేయాలా?

జవాబు 1: బీఈడీ బడిలో పాఠాలు చెప్పడానికండీ. మీకు కావాల్సింది ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, రెండేళ్లు. తమిళనాడు శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ ఉంది, 1993లో పెట్టారు, చూడండి.

జవాబు 2: నేను ఎంఎస్‌డబ్ల్యూనే తమ్ముడూ. క్లాసుల కంటే ఫీల్డ్ వర్కే నేర్పింది. మొదటి నెల హాస్టల్లో ఒక్క పిల్లాడూ నోరు విప్పలేదు, నేనేమో నోట్‌బుక్ పట్టుకుని ఒకటే ప్రశ్నలు. ఓ సాయంత్రం అది పక్కన పడేసి క్యారమ్స్ ఆడితే, స్ట్రైకర్ గురి చూస్తూనే ఒకడు ఇంట్లో గొడవల సంగతి చెప్పాడు. జీతం మాత్రం మొదట్లో తక్కువే, ఇంట్లో ముందే చెప్పుకో.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. క్యారమ్స్ వచ్చు, అమ్మని ఒప్పించడమే మిగిలింది.